ట అన్నప్పుడు మన నాలుక ఎక్కడుంటుంది?

పక్కన ఎవరూ లేరని చూసుకుని ఒక చిన్న పని చేయండి. నెమ్మదిగా "త" అనండి. తర్వాత "ట" అనండి. ఆ తర్వాత ఇంగ్లీషు సినిమాలో వాళ్ళు "టీ" అన్నట్టు అనడానికి ట్రై చేయండి. మూడుసార్లూ నాలుక కొస ఎక్కడ తగిలిందో చెప్పగలరా? మొదటిది ఈజీ, పళ్ళకి. రెండోది "పైన ఎక్కడో". మూడోది "ఆ రెండిటికీ మధ్యలో ఎక్కడో". నేను హాస్టల్లో పదిమందిని అడిగితే పదిమందీ ఇంచుమించు ఇదే చెప్పారు. కొంతమంది నోట్లో వేలు పెట్టుకుని మరీ వెతికారు.

మాటలు వచ్చినప్పటినుంచి వాడుతున్న అవయవం ఇది. ఎక్కడుందని అడిగితే మాత్రం "ఎక్కడో" అంటాం. చెయ్యి ఎక్కడుందో కళ్ళతో చూడొచ్చు. నాలుక పని అంతా చీకట్లో జరుగుతుంది. పెదాల వెనక, పళ్ళ వెనక, తడిలో, మనం గమనించేలోపే ఒక చోటు వదిలి ఇంకో చోటికి వెళ్ళిపోతుంది. నోరు బాగా తెరిచి చూద్దామంటే మాట ఆగిపోతుంది. మింగడం అయితే ఇంకా కష్టం, నోరు తెరిచి మింగి చూడండి తెలుస్తుంది. అంటే కొలవాల్సిన దాన్ని చూడలేం, చూడటానికి ప్రయత్నిస్తే అది పని మానేస్తుంది. ఈ చిక్కుని నూట యాభై ఏళ్ళుగా దంతవైద్యులు, భాషాశాస్త్రవేత్తలు, ఫిజిక్స్ వాళ్ళు, ఇప్పుడు మన కంప్యూటర్ సైన్స్ వాళ్ళు కూడా విప్పుతూ వస్తున్నారు. ఆ కథలో మన తెలుగు "ట" కి ఒక మంచి పాత్ర ఉంది. అందుకే రాస్తున్నాను.

నిజానికి ఏ మెషీనూ లేకుండా మొదటి మ్యాప్ గీసింది మన వ్యాకరణం వాళ్ళే. చిన్నప్పుడు పలక మీద దిద్దిన క, చ, ట, త, ప వరసని ఒకసారి మెల్లగా చదవండి. గొంతు దగ్గర మొదలై ఒక్కో మెట్టూ ముందుకి వచ్చి పెదాల దగ్గర ఆగుతుంది. కంఠ్యం, తాలవ్యం, మూర్ధన్యం, దంత్యం, ఓష్ఠ్యం. ఇంగ్లీషు ఏ బీ సీ డీ లకి ఇలాంటి ఆర్డర్ ఏమీ లేదు. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు ఈ సంగతి ఇంటర్ అయ్యాక తెలిసింది. తెలిశాక గుణింతాల పుస్తకం డేటా స్ట్రక్చర్ లాగా కనిపించడం మొదలుపెట్టింది. అడ్డంగా వెళ్తే గాలి, నాదం మారతాయి. నిలువుగా వెళ్తే నాలుక చోటు మారుతుంది. అది ఒక టూ డైమెన్షనల్ ఎరే అన్నమాట.

కానీ ఆ మ్యాప్ లో కొన్ని విషయాలు లేవు. ఉదాహరణకి "చాప" లో చ, "చిలక" లో చ ఒకటి కావు. అని చూడండి. "చాప" అన్నప్పుడు నాలుక పళ్ళ దగ్గరికి వెళ్తుంది, "చిలక" కి వెనక్కి జరుగుతుంది. మొదటిదానికి ౘ అనే గుర్తు పాత పుస్తకాల్లో ఉండేది. "జడ" లో ఉండే ౙ కూడా అలాంటిదే. 2008లో యూనికోడ్ 5.1 లో ఈ రెండిటికీ చోటు ఇచ్చారు. మన ఫోన్ కీబోర్డులో వెతకడం మాత్రం ఒక యజ్ఞం.

నరం లేని నాలుక

"నరం లేని నాలుక, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది" అని సామెత. మాట మార్చే వాళ్ళని తిట్టడానికి బాగానే ఉంటుంది కానీ అనాటమీ ప్రకారం తప్పు. నాలుకని కదిలించడానికి మెదడు నుంచి ప్రత్యేకంగా ఒక నరమే ఉంది, పన్నెండో కపాల నరం. స్ట్రోక్ వచ్చిన వాళ్ళని డాక్టర్ "నాలుక బయటపెట్టండి" అనేది ఊరికే కాదు. ఒకవైపు బలహీనమైతే నాలుక సూటిగా రాకుండా ఆ బలహీనమైన వైపుకి వంగుతుంది. నాలుక కదలికని కొలిచే అతి చౌకైన పరీక్ష ఇదే. పరికరం ఖర్చు సున్నా.

నాలుకకి లేనిది ఎముక. చెయ్యి అయితే మోచెయ్యి, మణికట్టు ఏ కోణంలో ఉన్నాయో చెబితే మొత్తం చెయ్యి ఎక్కడుందో లెక్క కట్టేయొచ్చు. రోబోటిక్స్ క్లబ్ వాళ్ళకి ఇది రోజూ చేసే పని. నాలుకకి కీళ్ళు లేవు. అది ఏనుగు తొండం లాంటిది, ఆక్టోపస్ చెయ్యి లాంటిది. ఈ మూడిటినీ కలిపి 1985లో కియర్, స్మిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మస్క్యులర్ హైడ్రోస్టాట్ అనే పేరు కింద వివరించారు. లోపల ఉన్నది అంతా కండరమే, దాని ఘనపరిమాణం మారదు. నీళ్ళు నింపిన బెలూన్ ని నడుము దగ్గర నొక్కితే పొడుగు అవుతుంది కదా, అదే లాజిక్. ఒక చోట సన్నబడితే ఇంకో చోట ఉబ్బాలి. అందుకే నాలుక కొస ఎక్కడుందో తెలిసినంత మాత్రాన నాలుక వెనక భాగం ఏం చేస్తోందో తెలియదు. ఎన్ని చోట్ల కొలిచినా మధ్యలో ఏదో ఒకటి మిగిలిపోతుంది.

మొట్టమొదటి పద్ధతులు వంటింటి స్థాయివే. 1870ల్లో లండన్ లో జేమ్స్ ఓక్లీ కోల్స్ అనే దంతవైద్యుడు పిండి, జిగురు కలిపి అంగిలికి పూసుకుని, ఒక్క అక్షరం పలికి, ఎక్కడ చెరిగిందో అద్దంలో చూసుకున్నాడు. దీన్నే పాలటోగ్రఫీ అంటారు. ఇప్పటికీ ఫీల్డ్ లో భాషాశాస్త్రం వాళ్ళు ఇదే చేస్తారు, కాకపోతే బొగ్గు పొడి, ఆలివ్ నూనె కలిపి నాలుకకి రాస్తారు, నోట్లో చిన్న అద్దం పెట్టి ఫోటో తీస్తారు. బొగ్గు బదులు కోకో పౌడర్ తో హాస్టల్లో కూడా చేయొచ్చు. "త" అంటే పళ్ళ వెనక గోధుమరంగు మరక వస్తుంది. "ట" అంటే మరక వెనక్కి వెళ్తుంది. ఒక్క అక్షరానికి ఒక్క ఫోటో, తర్వాత నోరు కడుక్కుని మళ్ళీ మొదలు. కదలిక అనేదే తెలియదు, తగిలిన చోటు మాత్రమే తెలుస్తుంది.

దీన్నే ఎలక్ట్రానిక్స్ లోకి తెస్తే ఎలక్ట్రోపాలటోగ్రఫీ. మీ అంగిలికి అచ్చంగా సరిపోయే ప్లాస్టిక్ ప్లేట్ ఒకటి దంతవైద్యుడితో చేయించుకుంటారు. దానిలో ఎలక్ట్రోడ్లు ఉంటాయి. ఇంగ్లండ్ లోని రెడింగ్ యూనివర్సిటీలో తయారైన మోడల్ లో 62 ఉంటాయి, ఎనిమిది వరసల్లో. నాలుక తగిలిన ఎలక్ట్రోడ్ ఒకటి, తగలనిది సున్నా. సెకనుకి 100 సార్లు ఆ ప్యాటర్న్ చదువుతారు. ఎల్ఈడీ బోర్డు మీద స్క్రోల్ అయ్యే బొమ్మలాగా మాట కనిపిస్తుంది. ఒక్కో మనిషికి ఒక్కో ప్లేట్ చేయించాలి, అదే దీని బాధ.

ఎక్స్ రే చెప్పిన తెలుగు ట

ఇప్పుడు అసలు కథ. "ట" ని మన పుస్తకాల్లో మూర్ధన్యం అంటారు, హిందీలోనూ అంతే, తమిళంలోనూ అంతే. పేరు ఒకటే కాబట్టి నాలుక చేసే పనీ ఒకటే అయి ఉండాలి కదా? 1983లో పీటర్ లాడెఫోగెడ్, పేరి భాస్కరరావు కలిసి జర్నల్ ఆఫ్ ఫొనెటిక్స్ లో ఒక పేపర్ రాశారు. లాడెఫోగెడ్ కాలిఫోర్నియాలో పనిచేసిన ప్రసిద్ధ ఫొనెటిక్స్ ప్రొఫెసర్. మై ఫెయిర్ లేడీ సినిమాకి ఉచ్చారణ సలహాదారు కూడా ఆయనే. భాస్కరరావు గారు తర్వాత రోజుల్లో మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కూడా పనిచేశారు. ఈ ఇద్దరూ హిందీ, తమిళం, తెలుగు మాట్లాడేవాళ్ళు మూర్ధన్యాలు పలుకుతుండగా పక్కనుంచి తీసిన ఎక్స్ రేలు పోల్చారు.

తేలిందేమిటంటే, హిందీ వాళ్ళ నాలుక కొస పైకి లేచి చిగురు గట్టు వెనక తగులుతోంది. తెలుగు, తమిళం వాళ్ళ నాలుక అక్కడితో ఆగట్లేదు. కొస పూర్తిగా వెనక్కి మడత పడి, నాలుక అడుగు భాగం, అంటే మామూలుగా కింద పళ్ళ వైపు ఉండే భాగం, గట్టి అంగిలిని తాకుతోంది. ఒకే అక్షరం అని మనం అనుకుంటున్నది నిజానికి రెండు వేరు వేరు పనులు. మన "ట" ఒక రకంగా పిల్లిమొగ్గ అన్నమాట.

పాలటోగ్రఫీతో ఈ తేడా ఎందుకు సరిగ్గా తెలియదో చూడండి. ప్లేట్ కి తెలిసేది ఎక్కడ తగిలిందనే. నాలుక పై భాగం తగిలిందా, అడుగు భాగం తగిలిందా అనేది ఎలక్ట్రోడ్ కి ఒకటే. నాలుక మీద పూసిన బొగ్గు కాస్త క్లూ ఇస్తుంది కానీ కదలిక ఇవ్వదు. గడ్డం కింద పెట్టే అల్ట్రాసౌండ్ ఉంది, రేడియేషన్ లేదు, చౌక, పిల్లలకి కూడా వాడొచ్చు. కానీ అల్ట్రాసౌండ్ గాలిని దాటి వెళ్ళలేదు. మన "ట" కి నాలుక కొస పైకి లేవగానే దాని కింద గాలి గది ఏర్పడుతుంది, సరిగ్గా మనకి కావాల్సిన కొస స్క్రీన్ మీద మాయమైపోతుంది. తెలుగు వాళ్ళని ఏడిపించడానికే పుట్టిన పరికరంలా అనిపిస్తుంది. పక్కనుంచి తీసే ఎక్స్ రే ఒక్కటే ఆ మడతని సూటిగా చూపించింది. కానీ ఎక్స్ రేతో గంటల తరబడి ఎవరినీ మాట్లాడించలేం, రేడియేషన్.

ఇది పాత పుస్తకాల గొడవ మాత్రమే కాదని నాకు అనిపిస్తుంది. మన బ్యాచ్ లో "కల" కీ "కళ" కీ తేడా లేకుండా మాట్లాడేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి వినండి. "పళ్ళు" ని "పల్లు" అనేవాళ్ళు, "వాణి" ని "వాని" అనేవాళ్ళు. తెలుగు సార్లు దీనికి ఇంగ్లీషు మీడియాన్ని తిడతారు. కానీ నాలుక నిజంగా ఎక్కడికి వచ్చింది? పూర్తిగా పళ్ళ దగ్గరికా, లేక మడత విప్పుకుని హిందీ "ట" చోటులో ఆగిందా? చెవి ఈ ప్రశ్నకి పూర్తి జవాబు చెప్పలేదు. ఒక భాషలో ఒక ధ్వని కరిగిపోతోందా లేక చోటు మారుతోందా అన్నది కొలిస్తేనే తెలుస్తుంది.

ఐదు తెలియని సంఖ్యలు, ఆరు ఈక్వేషన్లు

మన బ్రాంచ్ వాళ్ళకి బాగా నచ్చే పరికరం ఎలక్ట్రోమాగ్నెటిక్ ఆర్టిక్యులోగ్రాఫ్. 1980ల్లో జర్మనీలో మొదలైంది. బెంగళూరు ఐఐఎస్సీలో ప్రశాంత కుమార్ ఘోష్ గారి స్పైర్ ల్యాబ్ లో దీనితో పనిచేస్తున్నారు. బియ్యపు గింజ అంత సెన్సర్లని నాలుక మీద సాధారణంగా మూడు చోట్ల అతికిస్తారు, కొసకి సుమారు ఒక సెంటీమీటర్ వెనక ఒకటి, మధ్యలో ఒకటి, ఇంకా వెనక ఒకటి. పెదాలకి, కింది దవడకి ఇంకొన్ని. ప్రతి సెన్సర్ నుంచి సన్నటి వైరు నోట్లోంచి బయటికి వస్తుంది. మొదటి పది నిమిషాలు మాట ముద్దగా వస్తుంది, తర్వాత నాలుక అలవాటు పడుతుంది.

సెన్సర్ అంటే చిన్న తీగ చుట్ట, అంతే. తల చుట్టూ ఉన్న ట్రాన్స్ మిటర్ కాయిల్స్ ఒక్కొక్కటి ఒక్కో ఫ్రీక్వెన్సీలో అయస్కాంత క్షేత్రాన్ని పంపుతాయి. సెన్సర్ లో వోల్టేజ్ పుడుతుంది. ఫ్రీక్వెన్సీలు వేరు కాబట్టి ఏ కాయిల్ వల్ల ఎంత వోల్టేజ్ వచ్చిందో విడదీయొచ్చు. కాయిల్ నుంచి దూరం రెండింతలైతే వోల్టేజ్ సుమారు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, దూరం ఘనానికి విలోమం కాబట్టి. సెన్సర్ ఏ దిక్కుకి తిరిగి ఉందో దాన్ని బట్టి కూడా మారుతుంది. అంటే ప్రతి సెన్సర్ కీ మనకి తెలియనివి ఐదు: మూడు స్థానానికి, రెండు కోణాలకి. ఆరోది, అంటే సెన్సర్ తన ఇరుసు చుట్టూ తాను తిరగడం, వోల్టేజ్ ని మార్చదు కాబట్టి అది ఎప్పటికీ తెలియదు. పాత మోడల్ లో ఆరు ట్రాన్స్ మిటర్లు, ఆరు ఈక్వేషన్లు. తర్వాతి మోడల్ లో తొమ్మిది. ఈక్వేషన్లు ఎక్కువ, తెలియనివి తక్కువ, పైగా అవి లీనియర్ కావు. కాబట్టి ఒక గెస్ తో మొదలుపెట్టి ఎర్రర్ తగ్గించుకుంటూ పోవాలి. న్యూమరికల్ మెథడ్స్ పేపర్ లో "ఇది ఎందుకురా బాబూ" అనుకున్న లీస్ట్ స్క్వేర్స్ ఇక్కడ ఒకరి నాలుకని వెతుకుతుంది. సెకనుకి 250 సార్లు, మిల్లీమీటర్ కంటే తక్కువ తేడాతో.

తల కదిలితే? చెవుల వెనక, ముక్కు మీద ఇంకొన్ని సెన్సర్లు పెట్టి తల కదలికని తీసేస్తారు. మన "ట" కి ఇందులో ఒక లాభం ఉంది. కోణం కూడా కొలుస్తుంది కాబట్టి నాలుక కొస దగ్గరి సెన్సర్ వెనక్కి వాలడం ఆ కోణంలో దొరుకుతుంది. అయినా సరే, ఇది నాలుక మీద మూడు చుక్కలే. ఆ చుక్కల మధ్య నాలుక ఆకారం ఏమిటో మనం ఊహించుకోవాలి.

మొత్తం ఆకారం కావాలంటే ఎంఆర్ఐ. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో శ్రీకాంత్ నారాయణన్ బృందం దీనికి పేరు పడింది. 1999లో ఆయన, ఇంకో ఇద్దరు కలిసి తమిళంలో ఉన్న ఐదు ర, ల జాతి ధ్వనులని ఎంఆర్ఐ, పాలటోగ్రఫీ, అయస్కాంత సెన్సర్లు మూడూ కలిపి కొలిచారు. ఏ ఒక్కటీ సరిపోదు కాబట్టే మూడూ. ఎంఆర్ఐ కి పాత రోజుల్లో స్పీడ్ సమస్య ఉండేది. "కర్ర" అని గట్టిగా అని చూడండి. ఆ "ర్ర" లో నాలుక కొస సెకనుకి 25 నుంచి 30 సార్లు కొట్టుకునే వేగంతో అదురుతుంది. నైక్విస్ట్ ప్రకారం దాన్ని పట్టుకోవాలంటే సెకనుకి కనీసం 60 ఫ్రేములు కావాలి. మామూలు వీడియో కెమెరాకి ఉండే 30 ఫ్రేములు చాలవు. అదే బృందం 2021లో 75 మంది మాట్లాడుతుండగా సెకనుకి 83 ఫ్రేములతో తీసిన డేటాసెట్ ని అందరికీ ఓపెన్ గా ఇచ్చింది. అది ఇంగ్లీషు.

ఇక మెషీన్ లెర్నింగ్ వాళ్ళు అడిగే ప్రశ్న: ఇన్ని తిప్పలు ఎందుకు, మైక్ లో విన్న శబ్దం నుంచే నాలుక ఎక్కడుందో లెక్క కట్టలేమా? కట్టొచ్చు, కొంతవరకు. చిక్కేమిటంటే ఒకే శబ్దాన్ని నాలుక ఒకటి కంటే ఎక్కువ ఆకారాలతో చేయగలదు. ఫంక్షన్ కి ఇన్వర్స్ లేదన్నమాట. మోడల్ కి నేర్పాలంటే శబ్దం, నాలుక రెండూ ఒకేసారి రికార్డ్ చేసిన డేటా కావాలి. అలాంటి పేరున్న డేటాసెట్లు ఎక్కువగా ఇంగ్లీషువి. వాటితో నేర్చుకున్న మోడల్ కి నాలుక మడత పెట్టే "ట" అసలు కనిపించే ఉండదు.

పొలమారడం

ఇంతవరకూ మాట గురించే చెప్పాను. మింగడం విషయంలో ఈ కొలత ప్రాణాల దాకా వెళ్తుంది.

ఒక గుక్క నీళ్ళు మింగినప్పుడు ఏం జరుగుతుందంటే, నాలుక కొస అంగిలికి ఆనుకుని ముందునుంచి వెనక్కి అలలాగా నొక్కుతూ నీళ్ళని గొంతులోకి తోస్తుంది. ఇంతవరకూ మన ఇష్టం, ఆపాలంటే ఆపొచ్చు. ఆ గీత దాటాక మన చేతుల్లో ఉండదు. నాలుక మొదలు కింద హయాయిడ్ అనే ఒక ఎముక ఉంది, ఒంట్లో ఏ ఇతర ఎముకకీ నేరుగా అతుక్కోని ఎముక. అది పైకీ ముందుకీ జరుగుతుంది, దానితో స్వరపేటిక లేస్తుంది, ఊపిరి ఆగుతుంది, స్వరతంత్రులు మూసుకుంటాయి, ఎపిగ్లాటిస్ మూతలాగా వాలుతుంది, అన్నవాహిక ద్వారం తెరుచుకుంటుంది. పాతికకి పైగా కండరాల జతలు, ఇంచుమించు ఒక సెకను. గాలికీ అన్నానికీ దారి ఒకటే అయిన కూడలి ఇది. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఒక్క సెకను టైమింగ్ తప్పితే ఏమవుతుందో ఊహించుకోండి.

టైమింగ్ తప్పితే పొలమారుతుంది. మనకి పొలమారితే నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అంటారు. నిజానికి ఆ దగ్గు మన కాపలాదారు. ఊపిరితిత్తుల వైపు వెళ్ళిన నీళ్ళని బయటికి తోసేస్తుంది. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో కొంతమందికి ఆ కాపలాదారు నిద్రపోతాడు. నీళ్ళు శ్వాసనాళంలోకి వెళ్తాయి, దగ్గు రాదు. పొలమారకుండానే పొలమారడం. దీన్ని సైలెంట్ ఆస్పిరేషన్ అంటారు. 1996లో రోజెన్ బెక్, ఆయన తోటి పరిశోధకులు తయారుచేసిన ఎనిమిది మెట్ల స్కేల్ లో చివరి మెట్టు, అంటే అన్నిటికన్నా చెడ్డది, ఇదే.

మా తాతయ్యకి స్ట్రోక్ వచ్చాక ఇంట్లో మేము చూసింది ఇదే. అన్నం తింటున్నారు, నీళ్ళు తాగుతున్నారు, ఒక్కసారి కూడా దగ్గు లేదు. అమ్మమ్మకి అదే ధైర్యం. రెండుసార్లు జ్వరం వచ్చి, ఛాతీలో నెమ్ము చేరాక స్పీచ్ థెరపిస్ట్ వచ్చి చూశారు. "అమ్మా, తాతగారికి పొలమారట్లేదు అంటున్నారు కదా, నా భయం అదే" అన్నారు ఆవిడ. స్పీచ్ థెరపిస్ట్ కి మింగడంతో ఏం పని అని అప్పటిదాకా నాకు తెలియదు. మాటకీ మింగడానికీ ఒకే నాలుక, ఒకే నరాలు, కాబట్టి ఆ రెండూ చూసే మనిషి కూడా ఒకరే.

దీన్ని కొలిచే ముఖ్య పద్ధతి వీడియో ఎక్స్ రే. అన్నంలో, నీళ్ళలో బేరియం కలిపి ఇస్తారు, అది ఎక్స్ రేలో నల్లగా కనిపిస్తుంది. మింగుతుండగా పక్కనుంచి వీడియో తీసి ఒక్కో ఫ్రేమ్ ఆపి చూస్తారు. నాలుక ఎప్పుడు తోసింది, హయాయిడ్ ఎప్పుడు లేచింది, ఆ రెండిటి మధ్య ఎన్ని ఫ్రేములు ఆలస్యం, నీళ్ళు స్వరతంత్రుల కిందికి దిగాయా. తాతయ్య వీడియోలో సన్నటి నల్ల గీత ఒకటి వెళ్ళకూడని దారిలో దిగడం మేమూ చూశాం. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంకో పద్ధతి 1988లో సూసన్ లాంగ్ మోర్ మొదలుపెట్టింది. ముక్కులోంచి సన్నటి కెమెరా దించి గొంతులోకి చూస్తారు. రేడియేషన్ లేదు, మంచం దగ్గరే చేయొచ్చు. సరిగ్గా మింగే క్షణంలో మాత్రం గొంతు కెమెరాని కప్పేసి స్క్రీన్ తెల్లబడిపోతుంది. నాలుకని ఆ కెమెరా చూడలేదు. మళ్ళీ అదే కథ, ప్రతి పరికరానికీ ఒక గుడ్డిచోటు.

నాలుక బలాన్ని కొలవడానికి చిన్న గాలి బుడగ ఉన్న పరికరం వాడతారు. బుడగని అంగిలికి నొక్కితే కిలోపాస్కల్స్ లో అంకె వస్తుంది. వయసు పెరిగేకొద్దీ గరిష్ఠ బలం తగ్గుతుంది, కానీ మింగడానికి కావాల్సిన బలం పెద్దగా తగ్గదు. బ్యాంక్ లో బ్యాలెన్స్ తగ్గుతోంది, నెల ఖర్చు అలాగే ఉంది అనుకోండి. అందుకే మామూలు రోజుల్లో బాగానే ఉన్న పెద్దవాళ్ళు ఒక జ్వరంతో మింగలేని స్థితికి వచ్చేస్తారు. విస్కాన్సిన్ లో జోయాన్ రాబిన్స్ బృందం స్ట్రోక్ వచ్చినవాళ్ళతో ఎనిమిది వారాలు ఇలా నాలుకతో నొక్కే వ్యాయామం చేయించి, బలం పెరగడం 2007లో చూపించింది. నాలుకకి జిమ్ అన్నమాట.

మన సికింద్రాబాద్ లోనే మనోవికాస్ నగర్ లో అలీ యావర్ జంగ్ పేరు మీద ఉన్న వాక్, శ్రవణ వైకల్యాల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆయన ఒకప్పుడు ఉస్మానియా వైస్ ఛాన్సలర్. స్పీచ్ థెరపీ చదువు అక్కడ చెబుతారు. ఇంజనీరింగ్, మెడిసిన్ తప్ప మూడో కోర్సు లేదనుకునే మన ఇళ్ళల్లో ఆ బోర్డు చూసినవాళ్ళు తక్కువ.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే దగ్గు ఒక్కటే చూడకండి. తాగిన వెంటనే గొంతు నీళ్ళు నిండినట్టు తడిగా వినిపించడం, భోజనానికి మునుపటికన్నా చాలాసేపు పట్టడం, కారణం తెలియకుండా మళ్ళీ మళ్ళీ జ్వరం, ఛాతీలో నెమ్ము, బరువు తగ్గడం, ఇవి కనిపిస్తే స్పీచ్ థెరపిస్ట్ కి చూపించాలి. "ప త క ప త క" అని వేగంగా అనమని, సెకనుకి ఎన్ని అక్షరాలు వస్తున్నాయో కూడా వాళ్ళు లెక్కపెడతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో సాధారణంగా 5 నుంచి 7 దాకా వస్తాయి.

తాతయ్యకి పల్చటి నీళ్ళు ఆపి చిక్కటివి ఇవ్వమన్నారు. చిక్కగా ఉంటే మెల్లగా జారుతుంది, ఆలస్యంగా స్పందించే గొంతుకి టైమ్ దొరుకుతుంది. ఇది అందరికీ పనికొచ్చేది కాదు, ఎవరికి ఎంత చిక్కదనం అన్నది పరీక్ష చేసినవాళ్ళే చెప్పాలి. ఎంత చిక్కగా అన్నదానికి అంతర్జాతీయంగా ఒక స్కేల్ ఉంది. దాని కొలత పరికరం పది మిల్లీలీటర్ల సిరంజి. లోపలి ముల్లు తీసేసి, కింద రంధ్రాన్ని వేలితో మూసి, పది దాకా నింపి, పది సెకన్లు వదిలి, మళ్ళీ మూయాలి. ఒకటి కంటే తక్కువ మిగిలితే అది నీళ్ళ లెక్క. ఒకటి నుంచి నాలుగు దాకా మిగిలితే ఒకటో లెవెల్, నాలుగు నుంచి ఎనిమిది అయితే రెండు, ఎనిమిది దాటితే మూడు. అన్ని కంపెనీల సిరంజిలూ ఒకే పొడవు ఉండవు, సున్నా నుంచి పది దాకా గీతల పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉన్నదే వాడాలి. తాతయ్యకి చెప్పింది రెండో లెవెల్. రాగి జావ పొయ్యి మీద ఉన్నప్పుడు ఒక లెవెల్, చల్లారాక ఇంకో లెవెల్ అని మొదటి రోజే తేలింది. ఇప్పుడు అమ్మమ్మ గ్లాసులో పోశాక, తాగే వేడికి వచ్చాకే సిరంజి తీస్తుంది. పది సెకన్లు లెక్కపెట్టడం నా డ్యూటీ, ఫోన్ లో స్టాప్ వాచ్ ఉందన్నా ఒప్పుకోదు, పైకి వినపడేలా లెక్కపెట్టమంటుంది.